‘రిజర్వే కదా, ఇంట్లోనే ఉంటావుగా!’: కొత్త రీజినల్ పైలట్ల అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో డాలస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రీజినల్ ఎయిర్‌లైన్‌లో (చిన్న విమానాలతో దగ్గరి ఊళ్ళకు నడిపే కంపెనీ) క్లాస్ డేట్, అంటే ట్రైనింగ్ మొదలయ్యే తేదీ, వచ్చిందట. సంతోషం అనేలోపే, ‘అన్నా, ఇక్కడే డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు చూశాం, శుక్రవారం సంతకాలు. న్యూయార్క్ బేస్ ఇచ్చినా పర్లేదు. మొదట్లో ఎలాగూ రిజర్వే కదా. ఇంట్లోనే ఉంటా, కాల్ వస్తే ఫ్రీగా ఫ్లైట్ ఎక్కి పోతా’ అన్నాడు. బేస్ అంటే పైలట్ డ్యూటీ మొదలయ్యే ఊరు. రిజర్వ్ అంటే సొంత షెడ్యూల్ లేకుండా, కంపెనీ పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉండే డ్యూటీ.

ఈ మాట వినడం నాకు పదోసారో, పదిహేనోసారో. ఏ వాట్సాప్ గ్రూపులో పుట్టిందో గానీ, చావడం లేదు. దీన్ని నమ్మి డబ్బు, నిద్ర, సంసారంలో ప్రశాంతత మూడూ పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి చివర్లో గబగబా.

అపోహ: రిజర్వ్‌లో ఉంటే ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే.

వాస్తవం: షార్ట్ కాల్ రిజర్వ్‌లో ఫోన్ మోగాక మీ చేతిలో ఉండేది చాలా కంపెనీల్లో రెండు గంటలు, లేదా ఆ చుట్టుపక్కల. ఆ టైములో యూనిఫాం వేసుకుని బేస్ ఎయిర్‌పోర్టులో రిపోర్ట్ చేయాలి. డాలస్ నుంచి న్యూయార్క్‌లోని లగార్డియా ఎయిర్‌పోర్టుకు గాల్లోనే దాదాపు మూడు గంటలు. లెక్క అక్కడే తప్పింది. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు రిజర్వ్ మొదలైతే ఆదివారం రాత్రికే మీరు న్యూయార్క్‌లో పడుకుని ఉండాలి. గురువారం సాయంత్రం 6కి అది ముగిసి, ఆఖరి ఫ్లైట్‌లో సీటు దొరక్కపోతే, మళ్ళీ ఇల్లు చేరేది శుక్రవారమే. నెలకు సెలవులు పదకొండో పన్నెండో ఉంటాయి. అందులో వరసగా వచ్చే డ్యూటీ రోజుల బ్లాకుకు ఒకటి చొప్పున రానూపోనూ ప్రయాణానికే పోతే, పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళడానికి మిగిలేవి ఏడెనిమిది. ఆ ప్రయాణానికి పైసా రాదు.

‘లాంగ్ కాల్ అడుగుతాను’ అంటారు. అడగండి. సాధారణంగా 12 గంటల ముందు చెబుతారు కాబట్టి నిజంగానే ఇంట్లో ఉండొచ్చు. కానీ అందరూ దాన్నే అడుగుతారు, ఇచ్చేది సీనియారిటీ ప్రకారం. మీ నంబరు అట్టడుగున ఉంటుంది. దొరికినా, కావలసిన విశ్రాంతి ఇచ్చి దాన్ని షార్ట్ కాల్‌గా మార్చే వీలు చాలా కాంట్రాక్టుల్లో కంపెనీకి ఉంటుంది.

ఇక ‘ఫ్రీ ఫ్లైట్’ సంగతి. నా మొదటి ఏడాది, జూలైలో ఒక ఆదివారం. అప్పుడు నేను కూడా డాలస్ నుంచే కమ్యూట్, అంటే ఇల్లు ఒక ఊళ్ళో, బేస్ ఇంకో ఊళ్ళో, మధ్యలో విమానంలో రాకపోకలు. మర్నాడు 4కి షార్ట్ కాల్. మధ్యాహ్నం 2 గంటల ఫ్లైట్‌కి లిస్ట్ అయ్యాను (సీటు మిగిలితే ఫ్రీగా ఎక్కేవాళ్ళ జాబితా), దాని వెనక ఇంకోదానికీ. పొద్దున చూస్తే 11 సీట్లు ఖాళీ. నిశ్చింతగా పప్పన్నం తిని బయల్దేరాను. ఒంటిగంటకు పడమటి వైపు మబ్బు పట్టింది. మెరుపుల వల్ల ర్యాంప్ (విమానాలు నిలిపే చోటు) మూసేశారు. రద్దయిన ఫ్లైట్ల వాళ్ళంతా మా ఫ్లైట్‌లోకి వచ్చిపడ్డారు. నా ఫోన్‌లో ఆ 11 చూస్తుండగానే 6 అయింది, 2 అయింది, తర్వాత మైనస్‌లోకి పోయింది. కాక్‌పిట్‌లో జంప్‌సీట్ (పైలట్ల వెనక ఉండే అదనపు సీటు) ఒక్కటే, దానికి ఆ ఎయిర్‌లైన్ సొంత పైలట్ నాకంటే ముందున్నాడు. రెండో ఫ్లైట్‌లోనూ అదే కథ. చివరికి రాత్రి 9కి ఒక కెప్టెన్ దయతలచి జంప్‌సీట్ ఇచ్చాడు. లగార్డియాలో దిగేసరికి ఒంటిగంట దాటింది, క్రాష్ ప్యాడ్ (సిబ్బంది కలిసి అద్దెకుండే బంకుల గది) చేరేసరికి రెండు. నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది. రిపోర్ట్ 6:20.

కాగితం మీద నేను మూడు రోజులు విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఎందుకంటే కమ్యూట్ అనేది డ్యూటీ లెక్కలోకి రాదు. నా సొంత సమయం, నా ఇష్టం, నా బాధ్యత. కానీ ప్రతి ఫ్లైట్ ముందూ ‘నేను ఫిట్‌గా ఉన్నాను’ అని పైలట్ స్వయంగా ధ్రువీకరించాలని పార్ట్ 117 (పైలట్ల డ్యూటీ, విశ్రాంతి మీద అమెరికా ప్రభుత్వ నిబంధన) చెబుతుంది. మంచం అంచున కూర్చుని ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఫెటీగ్, అంటే అలసట వల్ల నడపలేను, అని చెప్పేశాను. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి అది ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. చీఫ్ పైలట్ పిలిచి ఒకే ప్రశ్న అడిగాడు: ‘పొద్దుటి ఫ్లైట్‌కి ఎందుకు రాలేదు?’ నా దగ్గర జవాబు లేదు. పప్పన్నం అని చెప్పలేను కదా. ఉద్యోగం పోలేదు గానీ ఆ రోజు జీతం పోయింది.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి నెవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ అనే రీజినల్ విమానం, ఫ్లైట్ 3407, కూలి, కింద ఇంట్లో ఉన్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) అంతకు ముందు రాత్రంతా సియాటిల్ నుంచి మెంఫిస్ మీదుగా జంప్‌సీట్లలో ప్రయాణం చేసి నెవార్క్ చేరింది. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలోని టాంపా దగ్గర. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ స్పందించిన తీరే ప్రధాన కారణమని అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇద్దరి పనితీరు మీదా అలసట ప్రభావం బహుశా ఉండే ఉంటుందని, అది ఎంతన్నది మాత్రం తేల్చలేమని కూడా రాసింది. ఎయిర్‌లైన్ పైలట్‌కు మామూలుగా 1,500 గంటలు నడిపిన అనుభవం ఉండాలనే రూల్, 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన పార్ట్ 117, రెండూ ఆ ప్రమాదం తర్వాత వచ్చినవే. కమ్యూట్ మాత్రం ఇప్పటికీ పైలట్ సొంత వ్యవహారమే.

డాలస్‌లో భార్య ఉద్యోగం, వీసా ఆ కంపెనీతో ముడిపడి ఉన్నప్పుడు, పిల్లలు బడిలో కుదురుకున్నప్పుడు ‘బేస్ ఉన్న ఊరికి మారిపో’ అనడం తేలిక. అందరికీ కుదరదు, నాకూ రెండేళ్ళు కుదరలేదు. నేను చెప్పేది ఒక్కటే: బేస్ చేతికి రాకముందు ఇంటి కాగితాల మీద సంతకం పెట్టకండి. చాలాచోట్ల అది ఖాయమయ్యేది ట్రైనింగ్ సాగుతుండగానో, ఆఖర్లోనో. కమ్యూట్ తప్పదంటే మధ్యాహ్నం మొదలయ్యే రిజర్వ్ కోసం బిడ్ చేయండి (షెడ్యూల్ వేసేటప్పుడు అదే కావాలని కోరండి), అదే రోజు పొద్దున బయల్దేరే వీలుంటుంది. క్రాష్ ప్యాడ్ ఖర్చు మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకోండి. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతంలోని క్యూ గార్డెన్స్‌ను జనం ‘క్రూ గార్డెన్స్’ అనేది ఊరికే కాదు. ఒక గదిలో ఆరు బంకులు, ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా మీద కూడా పేరు రాసుకోవాలి. మా అమ్మకు ఆ చోటు పేరు చెబితే, ‘క్రాష్ అనే మాట నోట్లోంచి ఎందుకురా’ అని నన్నే తిట్టింది.

‘24 గంటలూ ఫోన్ పట్టుకుని కూర్చోవాలట’ అని భయపడేవాళ్ళకు: కాదు. షార్ట్ కాల్ పీరియడ్ గరిష్ఠంగా 14 గంటలు. అది మొదలయ్యే ముందు 10 గంటల విశ్రాంతి ఉండాలి, ఆ టైములో ఫోన్ ఎత్తాల్సిన బాధ్యత మీకు లేదు. పైగా తెల్లవారుజామున 4కి మొదలైనవాడికి మధ్యాహ్నం 3కి కాల్ వస్తే, షెడ్యూల్ ప్రకారం పని రాత్రి 8 దాటకూడదు. మామూలు సిబ్బందితో నడిచే ఫ్లైట్లకు రిజర్వ్, డ్యూటీ రెండూ కలిపి పరిమితి 16 గంటలు, ఒక్కోసారి అంతకంటే తక్కువే. ఎయిర్‌పోర్టులోనే కూర్చోబెట్టే స్టాండ్‌బై అయితే మొదటి నిమిషం నుంచే డ్యూటీ కింద లెక్క.

‘విమానం నడపని రోజు జీతం రాదు’: వస్తుంది. నెలకు మినిమం గ్యారంటీ ఉంటుంది, చాలా రీజినల్స్‌లో 75 గంటల జీతం చుట్టుపక్కల. ఒక్క కాల్ రాకపోయినా అది మీదే. మా బంధువులకు ఇది అర్థం చేయించడానికి తంటాలు పడ్డాను. నాన్నకు మాత్రం చెప్పగానే అర్థమైంది. ఆయన ఆర్టీసీ డ్రైవర్. ‘ఓహో, డిపోలో స్పేర్‌లో కూర్చోవడం అన్నమాట’ అని, ‘మరి క్యారేజీ తీసుకెళ్తున్నావా?’ అన్నారు.

‘యూనిఫాం ఉంటే జంప్‌సీట్ గ్యారంటీ’: లేదు. అది కెప్టెన్ అనుమతి మీద దొరికేది, వెళ్ళి మర్యాదగా అడగాలి. బరువు ఎక్కువైన ఫ్లైట్‌లో కుర్చీ ఖాళీగా ఉన్నా మిమ్మల్ని వదిలేసి పోతారు.

‘రిక్రూటర్ డాలస్ బేస్ ఇస్తానన్నాడు’: రిక్రూటర్ మాట కాంట్రాక్టులో ఉండదు. బేస్ ఇచ్చేది ఖాళీలు, సీనియారిటీ. ఒకే క్లాసులో కూడా కొన్ని కంపెనీల్లో వయసును బట్టి, కొన్నింట్లో సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలను బట్టి వరస పెడతారు. వాదించి లాభం లేదు.

‘రిజర్వ్ ఎన్ని నెలలు?’ మీ వెనక ఎంతమంది చేరితే అంత త్వరగా బయటపడతారు. 2022 ప్రాంతంలో చేరినవాళ్ళలో కొందరికి కొద్ది నెలల్లోనే లైన్ (ముందే ఖాయమైన నెలవారీ షెడ్యూల్) దొరికింది. 2020లో నియామకాలు ఆగినప్పుడు ఆఖర్న చేరినవాళ్ళు ఆఖర్నే ఉండిపోయారు. నెలల లెక్క చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

ఆ తమ్ముడు శుక్రవారం సంతకం పెట్టలేదు. అద్దె ఇల్లు ఇంకో ఆరు నెలలు పొడిగించుకున్నాడు. అనుకున్నట్టే న్యూయార్క్ ఇచ్చారు. మొన్న క్యూ గార్డెన్స్ నుంచి ఫోన్ చేశాడు: ‘అన్నా, పై బంకు అయితే 30 డాలర్లు తక్కువంట, తీసుకోనా?’

కిందదే తీసుకోమన్నాను. పొద్దున 4కి ఫోన్ మోగితే పైనుంచి నిచ్చెన దిగేలోపు గదిలో మిగతా ఐదుగురూ లేచి తిడతారు.