రెండో అప్పీలు: హైకోర్టు గడప దగ్గర జరిగే పరీక్ష

గుంటూరు జిల్లా కోర్టులో అప్పీలు ఓడిన కక్షిదారు వకీలును అడిగే మొదటి మాట ‘హైకోర్టుకు వెళ్దామా?’ అనే. హైకోర్టు ఉన్న నేలపాడు దూరమేమీ కాదు, గడువు 90 రోజులుంది. అయితే మొదటి అప్పీలులా రెండోది హక్కుగా దక్కదు. అందులో ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉందని హైకోర్టు న్యాయమూర్తికి నమ్మకం కలిగితేనే కేసు ముందుకు కదులుతుంది.

ఈ కట్టడి పాతదే. కింది కోర్టు వాస్తవాలను ఎంత ఘోరంగా పొరబడి నిర్ణయించినా, రెండో అప్పీలులో వాటి జోలికి వెళ్లరాదని, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1890లోనే చెప్పింది. సివిల్ కేసులు నడిచే పద్ధతిని చెప్పే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రెండో అప్పీళ్ల గురించిన సెక్షన్ 100 మాత్రం కొంత ఉదారంగా ఉండేది. తీర్పు చట్టానికి విరుద్ధమన్నా, విచారణ పద్ధతిలో పెద్ద లోపముందన్నా సరిపోయేది. అప్పీళ్లు పేరుకుపోయాయి. లా కమిషన్ 1973లో ఇచ్చిన 54వ నివేదికలో దారి ఇరుకు చేయాలని సూచించింది. ‘ముఖ్యమైన న్యాయ ప్రశ్న’ ఉండాలన్న షరతు పెట్టిన 1976 సవరణ 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది.

‘ముఖ్యమైన’ ప్రశ్న అంటే ఏది? దీనికి జవాబు ఎక్కువగా మన తెలుగువారి వ్యాజ్యం నుంచే వచ్చింది. రిమ్మలపూడి సుబ్బారావు, నూని వీరరాజు కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్‌బెంచ్ 1951లో ఒక కొలమానం పెట్టింది. న్యాయాంశం మీద భిన్నాభిప్రాయానికి నిజంగా చోటుంటే అది ముఖ్యమైనది. సూత్రం ఎప్పుడో స్థిరపడి, దాన్ని ఈ కేసు వాస్తవాలకు అన్వయించడమే మిగిలితే కాదు. సుప్రీంకోర్టు 1962లో చునీలాల్ మెహతా కేసులో ఈ కొలమానాన్నే ఆమోదించింది. ఆ ప్రశ్న కేసు ఫలితాన్ని తేల్చేదై ఉండాలని 2001లో సంతోష్ హజారీ కేసులో స్పష్టం చేసింది.

వీలునామా తగాదానే తీసుకుందాం. సంతకం చేసిన సాక్షి బోనెక్కాడు, జడ్జి అతని మాట నమ్మారు. ‘వాడు అబద్ధమాడాడు’ అని హైకోర్టులో ఎంత మొత్తుకున్నా లాభం లేదు, అది వాస్తవాంశం. అదే, బతికున్న సాక్షుల్లో ఒక్కరినీ పిలవకుండానే వీలునామా రుజువైందని తేల్చేస్తే, చట్టం కోరిన రుజువే లేదు. అక్కడ తలుపు తెరుచుకుంటుంది. ఆధారమే లేకుండా రాసిన నిర్ధారణలకూ ఇదే దారి.

అందుకే అప్పీలు మెమోరాండంలో, అంటే అప్పీలు కారణాలు చెప్పే పత్రంలో, ప్రశ్నను ఎలా రాశారన్నది ప్రాణం. అప్పీలును విచారణకు తీసుకునే అడ్మిషన్ దశలోనే న్యాయమూర్తి ఆ ప్రశ్నను రూపొందించాలి. ప్రశ్నే రూపొందించకుండా ఇచ్చిన తీర్పులను సుప్రీంకోర్టు ఎన్నోసార్లు కొట్టేసింది. తుది విచారణలో ఎదుటిపక్షం ‘అసలు అలాంటి ప్రశ్నే లేదు’ అని వాదించవచ్చు. న్యాయమూర్తి కారణాలు రాసి కొత్త ప్రశ్న చేర్చుకోవచ్చు. 2002 సవరణ తర్వాత 25,000 రూపాయలకు మించని డబ్బు వసూలు దావాలకు రెండో అప్పీలు అవకాశమే లేదు.

ఇరుకు దారి అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి పొలం తగాదాలో నలిగిన కుటుంబానికి ఏదో ఒక చోట ముగింపు కావాలి. కానీ గడప దగ్గరే వెనక్కి పంపేటప్పుడు, ప్రశ్న ఎందుకు లేదో కక్షిదారుకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు రాసి తీరాలి.