తాతయ్య ఊపిరి: ఒకరోజు 38, ఇంకోరోజు 71

చిట్టీ, కిట్టూ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకటే అడిగారు. "తాతయ్యా, ఊపిరి బలం పరీక్షలో మొదట 38 అన్నారు, వారం తిరిగేసరికి 71 అన్నారు, వారంలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని. బలమేం రాలేదురా, ఆ వారం ముందున్న కండరాలే ఇప్పుడూ ఉన్నాయి. మీ అమ్మ మాత్రం ఆ 38 చూసి రాత్రంతా నిద్రపోలేదు.

పడుకుంటే ఆయాసం వస్తోందని వెళ్లాను కదా. గుండె బాగుంది, ఎక్స్‌రే బాగుంది. అయితే ఊపిరి లాగే కండరాలే, ముఖ్యంగా డయాఫ్రం (మీ సైన్స్ పుస్తకంలో ఉదరవితానం అని ఉంటుంది), బలహీనపడ్డాయేమో చూద్దామన్నారు డాక్టరుగారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, ఊపిరంతా బయటికి వదిలేయమని, మూసి ఉన్న గొట్టంలోంచి గట్టిగా పీల్చమంటారు. గాలి రాదు, మన లాగుడు ఎంతో మీటరు మీద కనిపిస్తుంది. దాన్ని సెంటీమీటర్ల నీళ్లలో చెబుతారు. 71 అంటే, 71 సెంటీమీటర్ల స్ట్రాని గ్లాసులో నిలువుగా పెట్టి పీలిస్తే నీళ్లు నోటిదాకా వచ్చేంత లాగుడు. ఫిజిక్స్ మాస్టారిని కదా, నాకు అక్కడే సరదా పుట్టింది.

మొదటిరోజు పరీక్ష చేసే అబ్బాయి తొందరలో ఉన్నాడు. కట్టుడు పళ్లు తీసేయమన్నాడు, తీస్తే పెదాలు గొట్టాన్ని పట్టుకోవుగా, పక్కనుంచి గాలి దూరిపోయింది. ఊపిరి పూర్తిగా వదలకముందే పీల్చమన్నాడు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పూర్తిగా వదిలినప్పుడే డయాఫ్రం బాగా సాగి గట్టిగా లాగగలదు, పైగా కుంచించుకున్న ఛాతీ కూడా తనంతట తాను విచ్చుకోవాలని చూస్తుంది, ఆ సాయమూ కలుస్తుంది. రెండుసార్లు పీల్పించి, 38 అని కాగితం చేతిలో పెట్టాడు.

రెండోసారి వేరే చోట ఓ అమ్మాయి పళ్లు ఉంచుకోమంది. "లాగండి తాతగారూ, లాగండి, ఇంకా, ఇంకా" అని పక్కనే నిలబడి అరిచింది. 52, 60, 64, తర్వాత 71, 70, 68. అన్నిటికన్నా పెద్దవి మూడూ పదిశాతం తేడాలోకి వచ్చాకే ఆపింది, అందులో పెద్దదే రాసుకుంది. చూశారా, మొదట్లో వచ్చినవి బలం లెక్కలు కావు, నాకు ఒడుపు తెలియని లెక్కలు. గొట్టానికి మిల్లీమీటరంత రంధ్రం కూడా ఉంది. అది లేకపోతే గొంతు బిగించి బుగ్గలతోనే పీల్చి మీటర్ని మోసం చేయొచ్చట!

అందుకే అంకె తక్కువొస్తే వెంటనే నమ్మకూడదు. పెదాలు వదులైనా, ఒడుపు తెలియకపోయినా, ఒంట్లో ఓపిక లేకపోయినా తగ్గుతుంది. సరిగ్గా చేసిన పరీక్షలో ఎక్కువొస్తే మాత్రం నమ్మొచ్చు, లేని బలాన్ని ఎవరూ చూపించలేరుగా. 80 దాటితే చెప్పుకోదగ్గ బలహీనత లేదంటారు. నాది 71, అటూ ఇటూ కాని అంకె. అందుకని ఒక ముక్కు రంధ్రంలో బిరడాలాంటిది పెట్టి, రెండోదాంతో జలుబు చేసినవాడిలా చటుక్కున ఎగపీల్చమంది, పదిసార్లు. అది ఎవరికైనా పుట్టుకతో వచ్చిన విద్యే, కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, పెదాలతో పనీ లేదు. 84 వచ్చింది. మగవాళ్లకి 70 దాటితే చాలట. నిజంగా ముక్కు దిబ్బడ ఉంటే మాత్రం ఇదీ తప్పుతుంది. ఇలా రెండుమూడు పరీక్షలు కలిపి చూస్తేనే లేని జబ్బుని అంటగట్టకుండా ఉంటారు.

మన ప్రయత్నంతో పనిలేని పరీక్ష కూడా ఉంది. ముక్కులోంచి సన్నని బెలూన్ గొట్టాలు లోపలికి దింపి, మెడ దగ్గర నరాన్ని అయస్కాంతంతో తట్టి డయాఫ్రం ఎంత గట్టిగా లాగిందో కొలుస్తారు. వినగానే మీ అమ్మమ్మ లేచి వెళ్లిపోయింది.

ఇంట్లో చేసేది ఒకటుంది. నిండా ఊపిరి తీసుకుని, ఒక్క ఊపిరిలో మామూలు వేగంతో ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టడం. కట్లపాము కరిచినవాళ్లని డాక్టర్లు గంటగంటకీ ఇలాగే లెక్కపెట్టించి, అంకె పడిపోతోందేమో చూస్తారు. ఒక్క అంకె కన్నా ఆ పడిపోవడమే ముఖ్యం. నాకు 29, అమ్మమ్మకి 38 (వేగంగా చదివిందని నా అనుమానం). మీకెంత వచ్చిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పండి, కిట్టూ, నువ్వు మధ్యలో దొంగ ఊపిరి తీయకు.

మీ తాతయ్య