ఊపిరితిత్తుల క్యాన్సర్ పేదల జబ్బుగా ఎలా మారింది?

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే అందరూ ముందు అడిగేది "సిగరెట్లు తాగేవారా?" అనే. ఏం పని చేసేవారు, ఎలాంటి గాలి పీల్చారు, ఎన్నాళ్లకు డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగారు అని అడిగేవాళ్లు తక్కువ. చరిత్ర తిరగేస్తే ఈ ప్రశ్నలూ అంతే ముఖ్యమని తెలుస్తుంది.

ఈ జబ్బు మొదట కనిపించింది గని కార్మికుల్లోనే. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో పనిచేసేవాళ్లు ఊపిరితిత్తుల్లో గడ్డలతో చనిపోతున్నారని 1879లో హార్టింగ్, హెస్సే అనే ఇద్దరు వైద్యులు రాశారు. దానికి కారణం రాళ్లలోంచి వెలువడే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువని తర్వాత తేలింది. గనుల బయట మాత్రం జబ్బు పెద్దగా లేదు. 1912లో కూడా అమెరికా వైద్యుడు ఐజక్ ఆడ్లర్ దీన్ని అత్యంత అరుదైన జబ్బుల్లో ఒకటిగానే లెక్కగట్టాడు.

తర్వాత మిషన్ మీద చుట్టిన సిగరెట్లు చవగ్గా దొరకడం మొదలైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో సైనికులకు రేషన్‌తో పాటు వాటినీ పంచారు. 1950 నాటికి బ్రిటన్‌లో మగవాళ్లలో ఎక్కువమంది పొగతాగేవాళ్లే. ఇందులో ధనిక, పేద తేడా పెద్దగా లేదు. ఆ ఏడాదే రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు సిగరెట్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. 1951లో వాళ్లు బ్రిటన్ డాక్టర్లందరికీ ఉత్తరాలు రాసి వాళ్ల అలవాట్లు అడిగారు. 40 వేల మందికి పైగా జవాబిచ్చారు. ప్రమాదం ఎంతటిదో ముందుగా తెలిసింది డాక్టర్లకే, ముందుగా మానేసిందీ వాళ్లే. 1962లో బ్రిటన్‌లో, 1964లో అమెరికాలో పొగతాగడం ప్రమాదమని నివేదికలు వచ్చాక చదువుకున్నవాళ్లు, నిలకడైన ఉద్యోగాలున్నవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. రోజంతా ఒళ్లు హూనమయ్యే పని, రేపటి గురించి టెన్షన్ ఉన్నవాళ్లకు అది అంత తేలిక కాలేదు. ఈరోజు ప్రపంచంలో పొగాకు వాడేవాళ్లలో దాదాపు 80 శాతం మంది అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు.

సిగరెట్ ఒక్కటే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఉక్కు కార్మికుల లెక్కలను 1971లో విలియం లాయిడ్ అనే పరిశోధకుడు పని వారీగా విడదీశాడు. బొగ్గును ఉక్కు తయారీకి వాడే కోక్ అనే ఇంధనంగా మార్చే కొలిమిల పైభాగంలో ఐదేళ్లు, ఆపైన పనిచేసినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మామూలు కంటే పది రెట్లు ఉంది. ఆ వేడిలో, ఆ పొగలో నిలబడాల్సిన పనులు ఎక్కువగా నల్లజాతి కార్మికుల వంతే. ఉక్కు కార్మికులందరినీ ఒకే గంపలో వేసి చూసినంతకాలం ఈ మరణాలు లెక్కల్లో కనపడలేదు. చైనాలోని షువాన్‌వీలో అయితే సిగరెట్ ముట్టని ఆడవాళ్లే ఎందరో ఈ జబ్బుతో పోయారు. పొగగొట్టం లేని ఇళ్లలో వాళ్లు బొగ్గు మీద వంట చేసేవాళ్లు. గొట్టం పెట్టిన ఇళ్లలో జబ్బు బాగా తగ్గింది. ఒక్క గొట్టం ఎన్ని ప్రాణాలు కాపాడేదో తలచుకుంటే బాధేస్తుంది.

జబ్బు వచ్చాక కూడా తేడా పోదు. అమెరికాలో 65 ఏళ్లు దాటి, మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉన్న రోగుల లెక్కలు 1999లో వెలువడ్డాయి. అందరికీ బీమా ఒకటే, జబ్బు కూడా తొలి దశలోనే ఉంది. అయినా ఆపరేషన్ జరిగింది తెల్లవాళ్లలో 76.7 శాతం మందికి, నల్లవాళ్లలో 64 శాతం మందికే. ఐదేళ్లు బతికినవాళ్లు తెల్లవాళ్లలో 34.1 శాతం, నల్లవాళ్లలో 26.4 శాతం. ఆపరేషన్ అయినవాళ్లను మాత్రమే పోల్చితే ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

బాగా పొగతాగేవాళ్లకు తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్ తీసి జబ్బును ముందే పట్టుకుంటే ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయని 2011లో తేలింది. 2013లో అమెరికా పెట్టిన నియమం ప్రకారం, ఆ స్కాన్‌కు అర్హత రావాలంటే రోజుకో ప్యాకెట్ చొప్పున 30 ఏళ్లు తాగినంత లెక్క ఉండాలి. నల్లజాతివాళ్లకు అంతకంటే తక్కువ సిగరెట్లతోనే జబ్బు వస్తోంది కాబట్టి చాలామంది ఆ లెక్కలోకి రాలేదు. నియమాన్ని 20 ఏళ్లకు తగ్గించేసరికి 2021 వచ్చింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 2016లో మరో దారి పట్టారు. స్కానర్‌ను వ్యాన్‌లో పెట్టి, పేదలుండే పేటల్లో సూపర్‌మార్కెట్ల పార్కింగ్ స్థలాలకే తీసుకెళ్లారు. అక్కడ దొరికిన క్యాన్సర్లలో ఎక్కువ భాగం తొలి దశలోనివే.