సీసా మూతల బొంత

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నది అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫొటోలో గోడ నిండా బంగారు వస్త్రంలా వేలాడుతున్నవి ఉత్త సీసా మూతలని తెలియగానే, "ఇట్లయితే నేను కూడా చేస్తా, ఇందులో గొప్పేముంది తాతయ్యా?" అన్నది. తేలికగా తీసిపారేయవలసిన ప్రశ్న కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

దేవరకొండ దగ్గర మా ఊళ్లో నాయనమ్మ ఎండాకాలం మధ్యాహ్నాలు వేపచెట్టు కింద కూర్చొని బొంత కుట్టేది. మా తాత ధోవతి, మేనత్త లంగా, చినిగిన పోచంపల్లి చీర చెంగు ముక్కలు ముక్కలుగా అందులో చేరేవి. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో ఆమె చాలాసేపు ఆలోచించేది. రెండు ఎర్రలు పక్కపక్కన పడితే కుట్లు విప్పి మళ్లీ మొదలుపెట్టేది. రాత్రి దాని మీద పడుకొని, ఏ ముక్క ఎవరిదో వేలితో తడుముతూ నేను ఇంటి చరిత్ర చదువుకునేవాణ్ని.

మీరు చూసిన ఆ వస్త్రమూ అటువంటి బొంతే. దాన్ని చేసిన ఎల్ అనత్సుయి 1944లో ఆఫ్రికాలోని ఘనాలో పుట్టి, నైజీరియాలో స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి శిల్పకళ బోధించారు. ఒకనాడు ఎవరో పారేసిన మద్యం సీసాల మూతల సంచి ఆయన కంటపడింది. ఆ మూతలను చదును చేసి, మడిచి, అంచులకు చిల్లులు పొడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కలపసాగారు. సహాయకులు ఎందరో కూర్చొని వేల మూతలు కలిపితే ఒక్క వస్త్రం తయారవుతుంది. నాయనమ్మకు పాతబట్టలు, ఆయనకు మూతలు. ఆమెది దారం, ఆయనది రాగి తీగ. ఆ మూతల్లోనూ చరిత్ర ఉన్నది: ఒకప్పుడు ఐరోపా వర్తకులు ఆఫ్రికా తీరానికి మద్యం తెచ్చి, దానికి మారకంగా సరుకులనే కాక మనుషులను కూడా కొనుక్కొని పోయారు. మూతల వస్త్రం కప్పుకుంటే చలి ఆగదు కనుక ఇక్కడికి వచ్చేసరికి నా పోలిక కొంచెం చినుగుతున్నది, అయినా దాన్ని వదలబుద్ధి కావడం లేదు. బొంతను దండెం మీద వేసిన ప్రతిసారీ మడతలు వేరుగా పడినట్టే, ఆయన వస్త్రం కూడా వేలాడదీసిన ప్రతిచోటా కొత్త రూపు తీసుకుంటుంది. అట్లా మారడమే ఆయనకు ఇష్టం. 2015లో ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో జీవితకాల కృషికి ఇచ్చే స్వర్ణ సింహం పురస్కారం ఆయనకు దక్కింది.

మన దేశంలో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు, చండీగఢ్ కట్టడానికి కూల్చిన ఊళ్ల శిథిలాల నుంచి పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరి, అడవిలో ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి బొమ్మలు చేశాడు. ప్రభుత్వ స్థలమని వాటిని కూల్చేయబోతే జనం అడ్డుపడ్డారు. 1976లో అదే రాక్ గార్డెన్‌గా తెరుచుకున్నది.

నేను ఆరో తరగతిలో తాటి ముంజకాయ పెంకులు కాగితానికి అంటించి ఎద్దు బొమ్మ చేస్తే, డ్రాయింగు మాస్టారు దాన్ని చింపి, రంగుపెన్సిలుతో వేసినదే బొమ్మ అన్నారు. ఆ ఎద్దుకు రెండు కొమ్ములూ సమానంగా కుదరలేదు, నిజమే. అయినా ఇప్పటికీ బాధగానే ఉన్నది. మీకు నచ్చని బొమ్మను నచ్చలేదని చెప్పండి, కానీ అది బొమ్మే కాదని తొందరపడి అనకండి.

హైదరాబాదు వెళ్లినప్పుడు మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ చూడండి. పాత వస్తువుతో చేసిన బొమ్మ ఏదైనా కనబడితే, పక్కన అంటించిన చీటీ ముందే చదవకుండా, ఆ వస్తువు ఇదివరకు ఎవరి చేతిలో ఏ పనికి ఉండేదో ఊహించండి. కళాకారులు అక్కడే ఉంటే సిగ్గుపడకుండా అడగండి. ఒక ముక్క పక్కన మరొకటి పెట్టగానే రెండూ ఎందుకు వెలుగుతాయో మాత్రం నాకు ఈ వయసులోనూ అంతుపట్టలేదు.

చేయగలనన్నది కదా చిన్నది, చేయమనండి. దసరా సెలవులకు వచ్చేటప్పుడు నూరు మూతలు పట్టుకొని రమ్మనండి, రాగి తీగ నేను తెచ్చి పెడతాను. నాయనమ్మ బొంత ఇంకా సందూకలోనే ఉన్నది. దాన్ని దండెం మీద వేస్తాను. ముందు పది అడుగుల దూరం నుంచి చూడండి, తరువాత దగ్గరకు వచ్చి కుట్లు విప్పి మళ్లీ కుట్టిన చోటు ఎక్కడున్నదో వెతకండి.

మీ తాతయ్య