పిలవని వాడికి కూడా పలికే వీపీఎన్

ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటర్నెట్ మీదుగా దారి ఇచ్చే వీపీఎన్ ఉంచాలా, పీకేసి ఎస్‌డీపీ అనే వేరే పద్ధతికి మారాలా అనే గొడవ మళ్లీ మొదలైంది. ఏదో ఒక వీపీఎన్ బాక్సులో, అంటే ఆ దారి నడిపే పరికరంలో, లోపం బయటపడిన ప్రతిసారీ ఇదే తంతు. నెట్‌వర్క్‌ని కోటగోడతో పోల్చడాలు, 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఐటీ వాళ్లు డెస్క్‌టాప్‌లు ఇంటికి మోసుకెళ్లిన కథలు అందరూ విన్నవే కాబట్టి నేరుగా 2024 జనవరికి వెళ్దాం.

ఆ నెల 10న ఇవాంటీ కంపెనీ వీపీఎన్ అయిన కనెక్ట్ సెక్యూర్‌లో రెండు లోపాలున్నాయని ఆ కంపెనీయే ప్రకటించింది. ఒకటి లాగిన్ తనిఖీని దాటేయడానికి, రెండోది లోపల కమాండ్లు నడపడానికి పనికొస్తుంది, రెండూ కలిస్తే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. అప్పటికే దాడులు జరుగుతున్నాయి, లోపాన్ని సరిచేసే ప్యాచ్ మాత్రం రాలేదు. 31న అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) తమ ఫెడరల్ శాఖలకు ఏం చెప్పిందంటే, ఫిబ్రవరి 2 రాత్రి 11:59 లోపు ఆ బాక్సులన్నీ నెట్‌వర్క్ నుంచి తీసేయండి, రీసెట్ చేసి, ప్యాచ్ వేశాకే మళ్లీ తగిలించండి అని. (సీసా సొంత సిస్టమ్‌లు రెండు కూడా ఇదే ఇవాంటీ లోపాల వల్ల ఆపేయాల్సి వచ్చిందని మార్చిలో తెలిసింది.)

నా లెక్కలో మలుపు అదే. ఎందుకంటే అప్పటిదాకా ఎస్‌డీపీ, అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ పెరిమీటర్, ప్రజెంటేషన్ స్లైడ్లలోనే ఎక్కువగా కనిపించేది. క్లౌడ్ సెక్యూరిటీ అలయన్స్ అనే పరిశ్రమ సంఘం దాని మొదటి స్పెసిఫికేషన్ ఇచ్చింది 2014లోనే. మామూలుగా సర్వర్ ముందు కనెక్షన్ ఇచ్చేసి ఆ తర్వాత నువ్వెవరని అడుగుతుంది, ఎస్‌డీపీ ఆ వరస తిరగేసింది. ముందు కాపలా ఉండే గేట్‌వే, తెలియని ప్యాకెట్ (నెట్‌లో వచ్చే డేటా ముక్క) ఏదొచ్చినా బదులివ్వకుండా పారేస్తుంది, పోర్ట్ స్కాన్ చేసినవాడికి, అంటే ఏ తలుపులు తెరిచున్నాయో వెతికినవాడికి, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. రహస్య కీతో తయారైన ఒక్క ప్యాకెట్ సరైనదని తేలితేనే, ఆ పంపినవాడికి మాత్రమే, దారి తెరుచుకుంటుంది. ఆ పైన ఇటూ అటూ తామెవరో రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్లు చూసుకుంటారు. మనిషినీ లాప్‌టాప్‌నీ తనిఖీ చేసి ఎవరికి ఏది ఇవ్వాలో తేల్చే కంట్రోలర్, పేరోల్ పని ఉన్నవాడికి పేరోల్ ఒక్కటే చూపిస్తుంది. చాలా ఆఫీసుల వీపీఎన్‌లో అయితే ఒకసారి లోపలికొచ్చాక పక్క సర్వర్లన్నీ పింగ్ చేసుకుంటూ తిరగొచ్చు.

వీపీఎన్ పక్షం వాళ్లు 2021లో అమెరికా ఇంధన పైప్‌లైన్ కంపెనీ కలోనియల్ పైప్‌లైన్‌పై జరిగిన సైబర్ దాడిని చూపిస్తారు: వాడకంలో లేని అకౌంట్, ఒకే పాస్‌వర్డ్, ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేదు, తప్పు వీపీఎన్‌ది కాదని. కొంత నిజమే. కంట్రోలర్ కూడా సాఫ్ట్‌వేరే కదా, దానికీ లోపాలు రావా అంటారు, అదీ నిజమే. కానీ ఇవాంటీ విషయంలో ఓటీపీ పెట్టుకున్నా కాపాడేది కాదు, ఆ తలుపు ఇంటర్నెట్ మొత్తానికీ కనిపిస్తోంది మరి.

నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఎస్‌డీపీ పెట్టి ఏడాది దాటింది. అయినా ఒక పాత అకౌంట్స్ సర్వర్ కోసమని వీపీఎన్ బాక్సు ఆన్‌లోనే ఉంచారు. దాని 443 పోర్ట్, అంటే ఇంటర్నెట్ వైపు తలుపు, ఇవాళ్టికీ ఎవరు తట్టినా పలుకుతోంది.