జెట్‌లో ఏ కణం ఎన్ని?

ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రమైన సెర్న్‌లోని లెప్ యంత్రం 1989లో ఎలక్ట్రాన్లనీ, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లనీ ఢీకొట్టించడం మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన జెడ్ బోసాన్ అనే బరువైన కణం చాలాసార్లు ఒక క్వార్క్ (ప్రోటాన్ లాంటి వాటిలో ఉండే మూలకణం), ఒక ప్రతిక్వార్క్‌గా విడిపోయేది. కానీ డిటెక్టర్‌లో క్వార్క్ జాడ ఎప్పుడూ నేరుగా దొరకలేదు. దొరికినవి చెరో వైపుకీ దూసుకుపోయే హాడ్రాన్ల, అంటే క్వార్కులతో కట్టిన కణాల, గుంపులు. వీటినే జెట్‌లంటారు. ఒక్కో జెడ్ నుంచి సగటున 21 ఆవేశిత కణాలు వస్తాయి. వాటిలో 17 దాకా పయాన్లనే అతి తేలిక హాడ్రాన్లే. అంతకన్నా బరువైన కేయాన్లు రెండు పైచిలుకు. ప్రోటాన్, ప్రతిప్రోటాన్ కలిపి లెక్కేసినా ఒక్కటే.

ఈ వాటాలు ఎవరు పంచారు? క్వార్కులు ఒక ఫెమ్టోమీటర్, అంటే మిల్లీమీటర్‌లో లక్ష కోట్లో వంతు, దూరం జరిగేసరికి వాటి మధ్య బలం ముందు మామూలు లెక్కలు చేతులెత్తేస్తాయి. అక్కణ్ణుంచి మోడళ్లదే రాజ్యం.

స్వీడన్‌లోని లుండ్ భౌతికవేత్తల మోడల్‌లో ఆ బలక్షేత్రం నలుదిక్కులా పరుచుకోదు, సన్నటి తీగలా బిగుసుకుంటుంది. అందులోని లాగుడు బలం దాదాపు 16 టన్నుల బరువుకి సమానం! సాగేకొద్దీ పోగైన శక్తిలోంచి కొత్త క్వార్క్ జంట పుట్టి తీగ తెగుతుంది. ముక్కలు మళ్లీ సాగుతాయి, మళ్లీ తెగుతాయి. జంట పుట్టేది క్వాంటమ్ టన్నెలింగ్ (శక్తి చాలకపోయినా అడ్డుగోడ దాటేయడం) వల్ల కాబట్టి బరువైన క్వార్కుల వంతు తక్కువ. తేలికైన అప్, డౌన్ రకాల క్వార్క్ జంటలు చెరి పది పుడితే, బరువైన స్ట్రేంజ్ రకం జంటలు మూడే. అయితే ఆ మూడుని ప్రయోగం చూసి పెట్టుకోవాల్సిందే. ఇలా సర్దుకోవాల్సిన అంకెలు ఇంకా చాలానే ఉన్నాయి.

రెండో దారి 1950లో భౌతికవేత్త ఫెర్మీ వేసింది, 1965లో మరో భౌతికవేత్త హేగెడోర్న్ పదును పెట్టింది. జెట్‌ని వేడి ముద్దగా చూసి, సాధ్యమైన ప్రతి స్థితికీ సమాన అవకాశం ఇస్తారు. అప్పుడు ద్రవ్యరాశి పెరిగేకొద్దీ కణాల సంఖ్య గబగబా పడిపోతుంది. ఆవేశం, బేరియాన్ల (ప్రోటాన్ లాంటి మూడు క్వార్కుల కణాల) సంఖ్య లాంటివి మొత్తమ్మీద మారకుండా నిలబడాలి కాబట్టి, ప్రోటాన్ పుడితే దానికి జోడుగా ఒక ప్రతిబేరియాన్ కూడా పుట్టాలి. చిన్న ముద్దకి అది పెద్ద ఖర్చు. స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న కణాలకి ఇక్కడా ఒక తగ్గింపు అంకె తప్పదు. అయినా 160 మెగా ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర్లో ఒక్క ఉష్ణోగ్రత పెడితే చాలు, ఎన్నో రకాల కణాల లెక్కలు సుమారుగా కుదిరిపోతాయి. అది దాదాపు 1.9 లక్షల కోట్ల కెల్విన్.

చిక్కల్లా ఇక్కడే. ఉష్ణోగ్రత స్థిరపడాలంటే కణాలు ఒకదాన్నొకటి పదేపదే గుద్దుకోవాలి. జెట్‌లోని హాడ్రాన్లకి అంత తీరికేదీ? పుట్టగానే విడిపోతాయి. అందుకే అవి వేడెక్కలేదు, ఆ పంపకంతోనే పుట్టాయని ఈ మోడల్ వాళ్ల జవాబు. నాకైతే ఈ ఉష్ణోగ్రత అంకె వేడి గురించి కన్నా అందుబాటులో ఉన్న స్థితుల సంఖ్య గురించే ఎక్కువ చెబుతోందనిపిస్తుంది. పైగా ఏ కణం జెట్ శక్తిలో ఎంత వాటా పట్టుకుపోతుందో తేల్చడానికి ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు. అక్కడ తీగదే పైచేయి.

తీగకీ గడ్డు రోజు వచ్చింది. 2017లో సెర్న్‌లోని ఆలిస్ బృందం ప్రోటాన్ల ఢీలను పరిశీలించి, కణాలు ఎక్కువ పుట్టినకొద్దీ స్ట్రేంజ్ హాడ్రాన్ల వాటా పెరుగుతోందని చూపించింది. పదికి మూడన్న ఆ మూడు మూడుగా నిలవలేదు. పక్కపక్కనే ఉన్న తీగలు పెనవేసుకుని గట్టిపడితే బరువైన జంటలు సులువుగా పుడతాయని లుండ్ వాళ్లు ఇప్పుడు తాడు లెక్కలు వేస్తున్నారు.