బిషప్ నోటిమాట: జరీనా లీ కథలో మనం వదిలేసే భాగం

ఆడవాళ్లు పుల్పిట్ ఎక్కొచ్చా, అంటే చర్చి వేదిక మీంచి ప్రసంగించొచ్చా అన్న గొడవ మళ్లీ రేగింది. అమెరికాలో సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంటు సంఘాల కూటమి, పాస్టరమ్మ ఉందని 2023లో శాడిల్‌బ్యాక్ చర్చిని తమలోంచి తీసేసింది. పాస్టరమ్మలున్న సంఘాలకు తలుపు మూసే సవరణ 2024లోనూ 2025లోనూ ఓటుకు వచ్చింది, సగానికి పైగా మద్దతు పడినా మూడింట రెండొంతులు రాక రెండుసార్లూ ఆగిపోయింది. ఇలాంటప్పుడల్లా ఎవరో ఒకరు జరీనా లీ పేరు తీస్తారు. 1819లోనే ఈ నల్లజాతి స్త్రీకి ప్రసంగించడానికి ఒక మెథడిస్టు (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) బిషప్ అనుమతి ఇచ్చాడు కదా, ఇంకా ఈ చర్చేంటి అని. ఇచ్చిన మాట నిజమే. అది ఎలాంటి అనుమతో మాత్రం ఎవరూ అడగరు.

న్యూజెర్సీలో పుట్టడం, ఏడేళ్లకే పనిపిల్లగా వెళ్లడం, మారుమనస్సు, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం.

1819కి ఎనిమిదేళ్ల ముందు ఆమె ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ దగ్గరికి (తర్వాత నల్లవాళ్ల ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిని పెట్టి దాని బిషప్ అయినవాడు, ఆ అనుమతి ఇచ్చింది ఈయనే) వెళ్లి, దేవుడు నన్ను సువార్త చెప్పమన్నాడు అంది. ప్రార్థన కూటాలు పెట్టుకో, సాక్ష్యం చెప్పుకో, ప్రసంగం మాత్రం కుదరదు, మన నియమావళిలో ఆడ ప్రసంగీకుల ఊసే లేదు అన్నాడాయన. తెల్లవాళ్ల చర్చిలో మోకరించి ఉన్న నల్లవాళ్లను లేపేస్తే బయటికి నడిచిన మనిషి ఈయనే మరి! జరీనా తర్వాత తన పుస్తకంలో దీనికి జవాబు రాసింది: రక్షకుడు మగవాడి కోసం చనిపోయాడని మగవాడు ప్రసంగించొచ్చు అంటే, ఆడదాని కోసమూ చనిపోయాడుగా, ఆయన పూర్తి రక్షకుడా, సగం రక్షకుడా? లేచిన ప్రభువును గురించి ముందు చెప్పింది మరియ కాదా? దీనికి అలెన్ ఏమన్నాడో ఎక్కడా కనిపించదు.

పెళ్లయింది, భర్త పోయాడు, ఇద్దరు పసిపిల్లలు మిగిలారు. అప్పుడొచ్చింది 1819. అలెన్ నడిపే బెతెల్ చర్చిలో రెవరెండ్ విలియమ్స్ యోనా గ్రంథంలోని "యెహోవాయొద్దనే రక్షణ దొరకును" మీద మాట్లాడుతూ మధ్యలో తడబడ్డాడు. జరీనా ఉన్నచోటే లేచి నిలబడి అదే వాక్యాన్ని అందుకుంది, యోనాలాగే నేనూ పిలుపు నుంచి పారిపోయాను అని. కూర్చున్నాక చర్చిలోంచి గెంటేస్తారని వణికిపోయిందట. అలెన్ లేచి, ఎనిమిదేళ్ల క్రితం ఈమె అడిగితే నేనే వాయిదా వేశాను, ఇక్కడున్న ఏ ప్రసంగీకుడికీ తీసిపోని పిలుపు ఈమెది అన్నాడు.

అంతా ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తారు. నాకైతే కథ ఇక్కడే చిక్కుపడింది అనిపిస్తుంది. ఎందుకంటే నియమావళిలో ఒక్క అక్షరం మారలేదు, అభిషేకం (అధికారికంగా పాస్టరుగా నియమించడం) లేదు, దక్కింది బిషప్ నోటిమాట. ఆ మాట బలంతోనే ఆమె ఒక్క ఏడాదిలో 2,325 మైళ్లు తిరిగి 178 ప్రసంగాలు చేసింది. 1831లో అలెన్ కన్నుమూశాడు, ఆ మాటకు దన్ను పోయింది. ఆడవాళ్లకు ప్రసంగించే లైసెన్సు ఇవ్వాలన్న ప్రతిపాదనను ఆ సంఘం అత్యున్నత సభ, జనరల్ కాన్ఫరెన్సు, 1844లో తోసిపుచ్చింది, 1852లో కూడా. ఆమె పెంచి రాసిన ఆత్మకథను సంఘం కమిటీ అర్థం కావట్లేదని పక్కన పెడితే 1849లో సొంతంగా అచ్చేయించుకుంది.

సంఘంలో క్రమం ఉండాలి, ఎవరికి పిలుపొచ్చిందంటే వాళ్లు లేచి నిలబడితే ఎలా అన్నది అవతలివాళ్ల వాదన. ఉండాల్సిందే. కానీ కాగితం మీద పెట్టినప్పుడు కూడా ఏమైందో చూడండి: 1885లో అదే సంఘపు బిషప్ టర్నర్ శారా ఆన్ హ్యూస్ అనే ప్రసంగీకురాలికి డీకన్‌గా (పాస్టరు పదవికి ముందు మెట్టు) అభిషేకం చేస్తే, 1887లో ఇంకో బిషప్ దాన్ని రద్దు చేశాడు.

మన దగ్గర సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వేళ్లలో ఒకటి మెథడిస్టులదే, ఆ సీఎస్ఐకి తొలి మహిళా బిషప్‌గా పుష్పలలిత నంద్యాలలో బాధ్యత తీసుకున్నది 2013లో. జరీనా సొంత సంఘం, ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి, ఆమెకు అభిషేకం ఇచ్చింది 2016లో, అదీ మరణానంతరం. అలెన్ ఆ మాట అన్న 197 ఏళ్లకు.